పాతిక పేజీలు, ఒక కలం, రెండు సినిమాలు

*నవల బాగుందా, సినిమా బాగుందా అన్న తగువు తెలుగిళ్లలో తెగేది కాదు. శ్రీరమణ ‘మిథునం’ దగ్గర మాత్రం ఆ తగువులోకి మూడో మనిషి వస్తాడు. ఆయన చేతిలో కెమెరా లేదు, కలం ఉంది.*

సినిమాలు తీసే మనిషి మనసులో ఒక కథ పడితే ఏమవుతుందో మనకు తెలుసు. రచయితకు కబురు వెళ్తుంది. హక్కుల మాటా అడ్వాన్సు మాటా వస్తాయి. ఫలానా హీరో అయితే ఎలా ఉంటుందన్న లెక్కలు మొదలవుతాయి. శ్రీరమణ రాసిన ‘మిథునం’ బాపు మనసులో అలాగే పడింది. ఆయన దాన్ని సినిమాగా తియ్యలేదు. తెల్ల కాగితాలు ముందేసుకుని, కథ మొత్తాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా తన చేత్తో తిరిగి రాశారు. ఆ చేతిరాత ప్రతి అలాగే అచ్చయి పాఠకుల చేతికి కూడా వచ్చింది.

ఈ ముఖచిత్ర కథనానికి సంపాదకులు చెప్పిన పని వేరు. తెలుగు నవలలు తెరకెక్కిన చరిత్ర రాయాలి, పుస్తకానికీ సినిమాకీ తేడాలు చూపించాలి, గురువారం రాత్రికల్లా పేజీలు వెళ్లిపోవాలి. జాబితా సిద్ధమైంది కూడా. కానీ ఆ చేతిరాత పేజీలు ఒకసారి బల్ల మీదికి వచ్చాక మిగతావన్నీ వాటంతటవే పక్కకు జరిగాయి. నవల కూడా కాని, పాతిక పేజీల చిన్న కథ ఇంత చోటు అడుగుతుందని జాబితా రాసుకున్నప్పుడు తట్టలేదు.

బాపు రాత తెలుగువాళ్లకు కొత్త కాదు. పుస్తకాల అట్టల మీదా, సినిమా టైటిళ్లలోనూ, శుభలేఖల మీదా చూస్తూ పెరిగాం. ఇప్పుడది ఫాంటుగా కంప్యూటర్లోనూ ఉంది. అయితే ఫాంటులో ప్రతి ‘అ’ మరో ‘అ’కు నకలు. చేత్తో రాసిన పేజీలో అలా ఉండదు. ఒకే అక్షరం మాట మొదట్లో ఒకలాగా, వాక్యం చివర ఊపిరి అందినప్పుడు ఇంకోలాగా పడుతుంది. అచ్చు పుస్తకంలో చదివిన కథనే ఆ రాతలో మళ్లీ చదువుతుంటే వేగం దానంతటదే తగ్గింది. ఎవరో పక్కన కూర్చుని చదివి వినిపిస్తున్నట్టయింది.

నాకు ముఖ్యంగా అనిపించింది ఇది. కంటికి తొందరెక్కువ, నచ్చని పేరా దాటేస్తుంది. తెలిసిన మాట కనబడితే సగంలో వదిలేసి ముందుకు పోతుంది. చేతికి ఆ వెసులుబాటు లేదు. ‘మిథునం’ నిండా తిండి కబుర్లే. పచ్చళ్లూ కూరలూ పెరటి కాయలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చదివేవాళ్లం ఆ వరసను నవ్వుకుంటూ గబగబా మింగేస్తాం. రాసేవాడు మాత్రం ఒక్కొక్క ఒత్తూ, ఒక్కొక్క గుణింతమూ దిద్దుకుంటూ పోవాలి. రచయిత ఎక్కడ ఆగాడో, ఎక్కడ కావాలనే మాట మిగిల్చాడో అప్పుడు తెలుస్తుంది. బాపు ఈ కథను మనందరికన్నా నిదానంగా చదివిన పాఠకుడని నా నమ్మకం.

పైగా ఆయన ఊరికే బొమ్మలేసుకునే మనిషి కాదు. ముళ్లపూడి వెంకటరమణ చిన్న కథ ‘సాక్షి’ని 1967లో సినిమాగా తీసి దర్శకుడయ్యారు. 1975లో ‘ముత్యాలముగ్గు’ తీశారు. షూటింగుకు వెళ్లేముందే షాట్లన్నీ బొమ్మలుగా గీసిపెట్టుకునే అలవాటు ఆయనది. అంటే కథను తెరకు మార్చడంలో చెయ్యి తిరిగినవాడు. అలాంటివాడు ‘మిథునం’ దగ్గర ఫ్రేములు గియ్యకుండా అక్షరాలు రాశాడు. దాన్ని రచయిత మీద గౌరవంగా మాత్రమే చూడటం నాకు చాలదు. ఆ కథకు ఒక దర్శకుడు చేసిన మొదటి అనుసరణ అదే అంటాను. ఒక్క మాటా తియ్యలేదు, ఒక్క మాటా కలపలేదు. మాట కనబడే తీరు ఒక్కటే మారింది.

ఇంతకీ కథ ఏమిటి? అప్పదాసు, బుచ్చిలక్ష్మి. ముసలి దంపతులు. పల్లెటూరు, సొంత ఇల్లు, చుట్టూ చెట్లు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయారు. ఆయనకు నోటిమీద ధ్యాస ఎక్కువ, ఆవిడకు ఆయనమీద. పొద్దున లేస్తే పోట్లాట, పొద్దు గూకేలోగా రాజీ. సంఘటనలు లెక్కపెడితే వేళ్లు మిగిలిపోతాయి. చివరికి ఆయన పోతాడు, ఆవిడ మిగులుతుంది.

ఆ మిగలడంలోనే కథ ప్రాణం ఉంది. మన ఇళ్లలో ఆడవాళ్లు పసుపు కుంకుమలతో దాటిపోవాలని నోములు నోస్తారు, పెద్దలు అలాగే దీవిస్తారు. బుచ్చిలక్ష్మి కోరుకున్నది దానికి ఎదురు. ఆయనే ముందు పోవాలి. తను ముందు పోతే ఆయనకు వేళకు ఇంత పెట్టేదెవరు, ఆ జిహ్వచాపల్యాన్నీ చాదస్తాన్నీ భరించేదెవరు? భర్త కోసం వైధవ్యాన్ని కోరుకున్న ఇల్లాలిని శ్రీరమణ ఏ ఉపన్యాసమూ లేకుండా మన ముందు నిలబెట్టారు. అంతసేపూ నవ్వించిన తిండి కబుర్లన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి వేరే అర్థంతో కనబడతాయి. పెళ్లిళ్లలో ఈ పుస్తకాన్ని కానుకగా ఇచ్చేవాళ్లున్నారు. కొత్త జంటకు ఇంతకన్నా మంచి కానుక నాకు తోచదు.

ముందు మలయాళంలో

తెలుగు కథ తెలుగులో సినిమా కాకముందే కేరళ చేరింది. 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ దీన్ని ‘ఒరు చెరు పుంచిరి’ పేరుతో తీశారు. ఆయన సామాన్యుడు కాదు. మలయాళ నవలకు పెద్ద దిక్కు. తన కథనే ‘నిర్మాల్యం’గా 1973లో తీసి జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి అందుకున్నవాడు. సొంత కథలు అన్ని ఉన్న రచయిత పొరుగు భాష కథ కోసం చెయ్యి చాచాడంటే తెలుగు పాఠకుడిగా నాకు గర్వంగా ఉంటుంది. ఆ సంగతి మనం తగినంత గట్టిగా చెప్పుకోలేదన్న బాధ కూడా ఉంది.

అందులో అప్పదాసు కృష్ణ కురుప్పు అయ్యాడు, బుచ్చిలక్ష్మి అమ్మాళుకుట్టి అయింది. ఒడువిల్ ఉన్నికృష్ణన్, నిర్మలా శ్రీనివాసన్ ఆ పాత్రలు వేశారు. ఎం.టి. ఊళ్లోవాళ్లకూ పిల్లలకూ చోటిచ్చారు, మాటలు తగ్గించారు. కురుప్పు మట్టితో మొక్కతో మసలుతుంటే కెమెరా తొందరపడదు. ఆయన పోయాక పిల్లలు రమ్మన్నా అమ్మాళుకుట్టి ఆ ఇల్లు వదలదు. శ్రీరమణ కథలో ఆవిడ కోరిక మాటగా మనకు తగులుతుంది. ఎం.టి. సినిమాలో అది ఇల్లు విడవకపోవడమనే పనిగా మారింది.

ఆ సినిమాకు వచ్చిన జాతీయ బహుమతి ఏ విభాగంలోనో గమనించాలి. పర్యావరణ పరిరక్షణ మీద ఉత్తమ చిత్రం. తెలుగులో మనం ఈ కథను ఎప్పుడూ ఆలుమగల కథగానే చెప్పుకుంటాం. ఢిల్లీలో కూర్చున్న న్యాయనిర్ణేతలకు అందులో చెట్లు కనబడ్డాయి. ఆ మాట తెలిశాక మళ్లీ కథ తీస్తే పెరడు వెనక తెరలా కాకుండా మూడో పాత్రలా ఎదురొచ్చింది. ఒక అనుసరణ మూల కథకు చేయగలిగిన ఉపకారం ఇది. సినిమాను పుస్తకంతో పోల్చి మార్కులు వెయ్యడం కన్నా, సినిమా చూశాక పుస్తకంలో కొత్తగా ఏం కనబడిందని అడగడం నాకిష్టం.

ఇద్దరే ఇద్దరు

తనికెళ్ల భరణి ‘మిథునం’ 2012 డిసెంబరులో వచ్చింది. నిర్మాత మొయిద ఆనందరావు, సంగీతం స్వరవీణాపాణి. అప్పదాసుగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. తెర మీద మొదటి నుంచి చివరి దాకా కనబడే ముఖాలు ఆ రెండే. డ్యూయెట్టుకు యాభైమంది వెనకాల ఆడే సినిమాల మధ్య ఆ పట్టుదల చిన్నది కాదు. పిల్లలున్నారు, ఎక్కడో విదేశాల్లో. మనకు కనబడరు. రానివాళ్లను చూపించకపోవడమే వాళ్లు రాకపోవడాన్ని అన్నిటికన్నా బాగా చెప్పింది.

భరణి సినిమా మీద నాకు ప్రేమ ఎంతో, ఒకటి రెండు పట్టింపులూ అంతే. కథలో అప్పదాసు చేతి పనులు రెండు మాటల్లో తెలిసిపోతే, సినిమా ఆయన చేత చేయించని పని లేదు. పాటలు కథ నడకను అక్కడక్కడా ఆపుతాయి. కానీ జొన్నవిత్తుల రాసిన కాఫీ దండకం వచ్చినప్పుడు ఆ ఫిర్యాదు నా నోట రాదు. కాఫీ కోసం దండకం చదివే మనిషి కథలోని అప్పదాసుకు సొంత తమ్ముడే. బాలు గొంతు మనకు పాటగా తెలుసు. ఇందులో సణుగుడుగా, బతిమాలుడుగా, అలకగా విన్నాం. లక్ష్మి అయితే చివరి ఘట్టంలో ఆ ఎదురు కోరికను కన్నీళ్ల కోసం వాడుకోలేదు. ఇంటి లెక్క అప్పజెప్పినంత మామూలుగా పలికింది. కథ అడిగింది కూడా అదే.

నవల దగ్గరికి సినిమా కత్తెర పట్టుకుని వెళ్లక తప్పదు. నాలుగు వందల పేజీలు రెండున్నర గంటల్లో ఇమడాలి. అందుకే నవల చదివినవాడు థియేటర్లో కూర్చుని పోయినవాటిని వెతుక్కుంటాడు. చిన్న కథ దర్శకుడికి ఖాళీలు ఇస్తుంది. శ్రీరమణ వదిలిన ఖాళీల్లో ఎం.టి. మౌనం నింపారు, భరణి పాటా పెరడూ పండగా నింపారు. బాపు ఖాళీలను ఖాళీలుగానే ఉంచి చుట్టూ అక్షరాలు దిద్దారు. ముగ్గురిలో నా మొగ్గు బాపు వైపే. నవలలను తెరకెక్కించాలని తిరిగే యువ దర్శకులు ముందు ఒక్క చిన్న కథను చేత్తో రాసి చూడాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఇక సంపాదకులు అడిగిన చరిత్ర, గబగబా. మొక్కపాటి ‘బారిస్టర్ పార్వతీశం’ 1940లోనే తెరకెక్కింది. శరత్ ‘దేవదాసు’ 1953లో అక్కినేని, సావిత్రిలతో మన ఇంటి కథైంది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’, ఆవిడదే ‘ప్రేమనగర్’ 1971లో. యద్దనపూడి ‘మీనా’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో. రంగనాయకమ్మ ‘బలిపీఠం’ 1975లో. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ ‘మా భూమి’. యండమూరి ‘అభిలాష’ 1983లో. మానస నవల ‘సీతారామయ్యగారి మనవరాలు’ అయింది 1991లో. చలం ‘దోషగుణం’ నుంచి మోహనకృష్ణ ఇంద్రగంటి ‘గ్రహణం’. ఒక్కొక్కటీ విడిగా ఒక ఆదివారం రాయదగ్గ సంగతే.

పక్క పేజీ: కలవని ఇద్దరు

శరత్ ‘దేవదాసు’ నవలలో పార్వతి, చంద్రముఖి ఒకరికొకరు ఎదురుపడరు. బిమల్ రాయ్ 1955లో హిందీలో తీసినప్పుడు ఇద్దరినీ దారిలో మాట లేకుండా ఒకరినొకరు దాటించారు. 2002లో సంజయ్ లీలా భన్సాలీ ఇద్దరి చేతా కలిసి నాట్యమాడించారు. మూడూ తెలిసినవాళ్లు ఏది ఒప్పుకుంటారో అడిగి చూడండి, వాళ్ల వయసు తెలిసిపోతుంది.

పక్క పేజీ: ఇప్పుడు చదువుతున్నవి

నా బల్ల మీద ఈ వారం రెండున్నాయి. మొదటిది డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’, మళ్లీ. ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చిన నవల. 1963లో ఆదుర్తి సుబ్బారావు దీన్నే ‘చదువుకున్న అమ్మాయిలు’గా తీశారు. సినిమా హాయిగా సాగుతుంది, పాటలు బాగుంటాయి. కానీ నవలలో ఇందిర ఉంది. తన బతుకు తాను లాక్కొచ్చుకునే ఆ తెగువ తెర మీద పలచబడింది. సినిమా మాత్రమే చూసినవాళ్లు ఇందిరను ఇంకా కలుసుకోలేదనే అంటాను.

రెండోది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. కరువులో గొర్రెల మందలను నల్లమల అడవిలోకి తోలుకెళ్లే కాపరుల కథ. తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో క్రిష్ దర్శకత్వంలో వైష్ణవ్ తేజ్, రకుల్ ప్రీత్‌సింగ్‌లతో సినిమా అయింది. రకుల్ వేసిన ఓబులమ్మ, ఆ ప్రేమకథ నవలలో లేవు. అడవినీ గొర్రెలనూ పులినీ పెట్టుకుని కూడా ప్రేక్షకుడికి ఒక జంట కావాలనుకోవడం నాకు నచ్చలేదు. నవలలో మాత్రం రాయలసీమ మాట ఉంది, మంద చుట్టూ రాత్రి కాపలా ఉంది, చీకట్లో చిన్న అలికిడికి చెవులు రిక్కించే మనుషులున్నారు. సినిమా చూసేశామని వదిలేసినవాళ్లు నవల తెచ్చుకోండి. చూడనివాళ్లు ముందు నవలే చదవండి.