బాలరక్షణ కార్యకర్త



పూర్వము కచేరినుండి ఎవరైనను మన పల్లెకు వచ్చిరనిన, అది శిస్తుకొఱకో తగవు విచారణకొఱకో అయి యుండెడిది. మాలీపటేలు ఎదురేగెడివాడు, పట్వారి దస్త్రము విప్పెడివాడు. ఇప్పుడు వికారాబాదు, తాండూరు ప్రాంతముల పల్లెలకు వేఱొక తీరు ఉద్యోగిని వచ్చుచున్నారు. ఆమె చేత పహాణీ యుండదు, భూమి కొలుచు గొలుసు ఉండదు. "ఈ ఇంటి పిల్ల ఏది? బడికి ఏల పోవుట లేదు?" అని అడుగుదురు. జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు చెందిన కార్యకర్త ఆమె. పురుషులును ఈ పనిలో కలరు.

ఆమెను చూచి తల్లులు తలుపు మూయుట కలదు. పిల్లలను పట్టుకొనిపోవువారు వచ్చిరని యొక మాట వాడవాడల ప్రాకును. ఈ భయమును వట్టి అజ్ఞానమని త్రోసివేయరాదు. తెలంగాణపు లంబాడీ తండాలనుండి ఆడశిశువులను కొద్ది ధనమిచ్చి కొని, హైదరాబాదులోని దత్తత సంస్థలకు చేర్చిన వ్యవహారము 1999లోను, మరల 2001లోను బయటపడినది. మేలు చేయువారివలె వచ్చి బిడ్డను కొనిపోయినవారిని చూచిన జనము, నిజముగా మేలు చేయవచ్చినవారిని నమ్ముటకు జంకుట వింత కాదు.

కావున మొదట ఈ సంగతి తెలియవలెను. బిడ్డను తన యిష్టము వచ్చినట్లు ఇల్లు వెడలించి ఎచ్చటనో ఉంచు అధికారము ఈ కార్యకర్తకు లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, రక్షణ అవసరమై చేర తీసిన బిడ్డను ప్రయాణకాలము గాక 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. సమితిలో అధ్యక్షునితో కూడ ఐదుగురు. వారిలో ఒకరైనను స్త్రీ యుండవలెను. మొదటి తరగతి మేజిస్ట్రేటుకు గల అధికారములు దానికి కలవు. నిర్ణయము సమితిది, విచారణ కార్యకర్తది. ఆ విచారణ 15 దినములలో ముగియవలెను. బిడ్డను సదనమున చేర్చుట కడపటి ఉపాయమనియు, సొంత కుటుంబమున నిలుపుటకే ముందుగా యత్నింపవలెననియు చట్టమే చెప్పుచున్నది. బిడ్డను పెంచలేని తల్లి సైతము సమితి యెదుటనే అప్పగింతపత్రము వ్రాయవలెను. వ్రాసిన పిదప మనసు మార్చుకొనుటకు రెండు నెలల గడువు కలదు. బిడ్డను అమ్మినను కొన్నను ఐదేండ్ల వఱకు కఠిన కారాగారము, లక్ష రూపాయల జుర్మానా.

ఈ విచారణ యెట్టిదో ఒక యుదాహరణముతో చెప్పెదను. తాండూరు చుట్టుపట్ల నాపరాతి గనులును, బండలను నునుపుచేయు పాలిషు కార్ఖానాలును విస్తారము. కొడంగల్లు వైపునుండి కుటుంబములు ముంబయి, పుణె నగరములకు కూలికి పోవుట చిరకాలముగా ఉన్నదే. తల్లిదండ్రులు వలస పోగా అవ్వవద్ద మిగిలిన పదుమూడేండ్ల బాలుడు బండలు మోయుచున్నాడని ఒక సమాచారము వచ్చెననుకొందము. కాగితముపై ఇది బాలకార్మికుని కేసు. 2016 సవరణ పిమ్మట పదునాలుగేండ్లు నిండని వానిని ఇట్టి పనిలో పెట్టుకొనరాదు. యజమానిపై కేసు వ్రాసి, పిల్లవానిని బండినెక్కించినచో లెక్కకు పని తీరినట్లే కనబడును.

అది పని తీరుట కాదు. వాడు ఏల పోయెను? ఇంట బియ్యము లేకనా? తండ్రి తెచ్చిన అప్పు తీర్చుటకా? బడిలో ఎవరైన కొట్టిరా? అవ్వకు చూపు లేదా? రాత్రులు ఆ యింట ఇంకెవరుందురు? ఒక్కొక్క కారణమునకు ఒక్కొక్క మందు. కార్యకర్త పొయ్యి చూచును, పడక చూచును, వాని యొంటిపై దెబ్బలున్నవేమో చూచును. అవ్వతో వేఱుగ, వానితో వేఱుగ మాటలాడును. పేదరికమే కారణమని తేలినచో, మిషన్ వాత్సల్య అను పథకము క్రింద అర్హత గల బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇప్పించి వానిని ఆ యింటనే ఉంచి బడికి పంపవచ్చును. పల్లెలలో ఏటి ఆదాయము 72,000 రూపాయలకు మించని కుటుంబములకు ఇది వర్తించును. వితంతువుల పిల్లలును, తల్లిదండ్రులు లేక బంధువుల యింట పెరుగువారును దీనికి తగినవారే. మన ఊళ్లలో ఈ సంగతి తెలిసినవారు బహు కొద్దిమంది.

అయితే ఆమె ఉదయపు బస్సునకు వచ్చి సాయంకాలపు బస్సునకు పోవలసిన మనిషి. గోడవెనుక సంగతి ఆమెకు తెలియదు, మనకు తెలియును. అందుచేత పొరుగువారిని, పంతులును, అంగన్‌వాడీ టీచరును, ఊరిపెద్దలను అడుగును. మనము సాధారణముగా చెప్పు జవాబు, "మాకేమి ఎఱుక లేదమ్మా" అని.

ఈ జవాబు నేనును చెప్పినవాడనే. ఎవరును అడుగకమునుపే చెప్పితిని. నేను బడిపంతులుగా నున్న దినములలో ఏడవ తరగతి పిల్ల యొకతె సంక్రాంతి సెలవుల పిమ్మట రాలేదు. కొన్నాళ్లు గైర్హాజరు వ్రాసి, తరువాత రిజిష్టరులో పేరు కొట్టివేసితిని. పెండ్లి యైనదని తోటి పిల్లలు చెప్పుకొనగా వింటిని, విచారింపలేదు. రెండేండ్లకు కాబోలు, తాండూరు స్టేషనులో చంకన బిడ్డతో నాకు నమస్కరించి, "సారూ, నా టీసీ ఇంకా బడిలనే ఉన్నదా?" అని అడిగినది. ఉన్నదంటిని. రైలు వచ్చినది, ఎక్కిపోయినది. ఆ టీసీకొఱకు ఎవ్వరును రాలేదు.

బాల్యవివాహముల విషయమున ఈ రిజిష్టరునకు గల విలువ నాకు ఆనాడు తెలియదు. వయసు తేల్చుటకు చట్టము ఒక వరుస చెప్పినది: మొదట బడి యిచ్చు పుట్టినతేది పత్రము లేక పదవ తరగతి పత్రము, అవి లేనిచో పంచాయతి లేక పురపాలక సంఘము ఇచ్చిన జననపత్రము, ఏవియు లేనిచో వైద్యుని ఎముకల పరీక్ష. ఆధారు కార్డు ఆ వరుసలో లేదు. కావున ముహూర్తపు ముందునాటి రాత్రి సమాచారము అందినను, పంతులు తెల్లవారుజామున బీరువా తెఱచి పత్రము వ్రాసి యిచ్చినచో, 2006 చట్టము క్రింద మేజిస్ట్రేటు నిషేధాజ్ఞ ఇయ్యగలడు. ఆజ్ఞ మీఱి జరిపిన పెండ్లి చెల్లదు. జరిపించిన పురోహితునికిని, ప్రోత్సహించిన పెద్దకును రెండేండ్ల వఱకు శిక్ష కలదు. కొందఱు కాగ్నా దాటి కర్ణాటకమున బంధువుల యింట పెండ్లి చేసి వచ్చిన బాధ లేదనుకొందురు. ఆ రాష్ట్రమున 2017లో వచ్చిన సవరణచేత బాల్యవివాహము మొదటినుండియు చెల్లనిదే. ఇచ్చటనో, ఆ పిల్ల కోర్టున కోరుకొన్నగాని రద్దు కాదు. పదునెనిమిది నిండిన పిదప రెండేండ్ల వఱకు కోరవచ్చును. కల్యాణలక్ష్మి సొమ్మునకు సైతము వధువునకు పదునెనిమిదేండ్లు నిండవలెనని ఎల్లరు ఎఱిగినదే.

"ఒకరి యింటి గుట్టు మనకేల?" అను ప్రశ్న ఇచ్చట రాకపోదు. ఇది మన యొక్కరి ప్రశ్న కాదు. 1874లో అమెరికాలోని న్యూయార్కు నగరమున మేరీ ఎలెన్ అను పదేండ్ల పిల్లను పెంపుడుతల్లి దినదినము కొట్టుచుండెను. ఎట్టా వీలర్ అను నామె పేదల యిండ్లకు పోయి పరామర్శించునది. పొరుగువారివలన సంగతి విని ఎన్నియో చోట్ల మొఱపెట్టినది. చివఱకు ఆమె మొఱ విన్నవాడు జంతుహింస నివారణ సంఘమును స్థాపించిన హెన్రీ బెర్గ్. గుఱ్ఱములను కొట్టువారిని పట్టుకొనుటకు సంఘముండెను గాని, పిల్లలకొఱకు లేదు! పెంపుడుతల్లికి ఏడాది శిక్ష పడినది. బాలహింస నివారణ సంఘము ఆ నగరమున అటుపిమ్మటనే పుట్టినది. మన ధర్మశాస్త్రములందును బాలుని దాయధనమును రాజు కాపాడవలెనని మనువు చెప్పియున్నాడు. ధనమును కాపాడుట తెలిసిన పెద్దలకు ఒంటిమీది దెబ్బ గుట్టుగా తోచుట నాకు విడ్డూరము.

మన జిల్లా నాడు భాగముగా నుండిన రంగారెడ్డి జిల్లాలోనే 1991లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను వారు, శాంతా సిన్హాగారి నాయకత్వమున, పిల్లలను పనినుండి బడికి మరల్చు కృషి నారంభించిరి. అది నిలిచినది ఊరిపెద్దలు, సర్పంచులు, ఉపాధ్యాయులు పూనుకొన్న చోట్లనే. సిన్హాగారికి 2003లో మాగ్సేసే బహుమానము లభించినది.

ఒక జాగ్రత్త. కార్యకర్తతో చెప్పిన సంగతిని మరల చావడిలో చెప్పరాదు. అట్టి బిడ్డ పేరు, ఊరు, బడి పత్రికలకెక్కించుట నేరము. ఆడపిల్లపై అత్యాచారము జరిగెనని తెలిసి, 2012 నాటి పోక్సో చట్టము క్రింద పోలీసులకు తెలుపకుండుటయు నేరమే. పంచాయతి పెట్టి సొమ్ముతో సరిపుచ్చు అధికారము ఏ పెద్దకును లేదు.

చెప్పవలసిన చోటు సులభము: టెలిఫోనున 1098. ఈ యేర్పాటు 1996లో ముంబయిలో మొదలైనది. 2023నుండి ప్రభుత్వమే నడుపుచున్నది. రాత్రియైనను పలుకుదురు, రుసుము లేదు. బిడ్డ పేరు, ఉజ్జాయింపు వయసు, ఊరు, వాడ, చూచిన సంగతి, చూచిన దినము చెప్పినచో చాలును. మీ పేరు బయటపడుట ఇష్టము లేనిచో ఆ మాటయు వారితోనే చెప్పవచ్చును. మా ఊరి బడిగోడపై ఈ అంకెను సుద్దతో వ్రాయించితిమి. వానకు చెఱిగిపోయినందున ఈ నెల రంగుతో వ్రాయించితిమి.