బొగ్గు బూడిద ఎర్రగా ఎందుకుంటుంది?

నెల్లూరు తీరంలో సరుగుడు కట్టెలు పొయ్యిలో కాలితే చివరికి మిగిలేది గుప్పెడు బూడిద. వేళ్ల మధ్య నలిపితే పిండిలా జారిపోతుంది. గనిబొగ్గు సంగతి వేరు. మన దేశపు బొగ్గు 100 కిలోలు కాలిస్తే 30, 40 కిలోల బూడిద మిగలడం మామూలే! బొగ్గు పుట్టినప్పుడే అందులో మట్టి, ఇసుక కలిసిపోయాయి మరి. అవి కాలవు. అమెరికాలో కొందరు ఇంటి పొయ్యిల్లో వాడే ఆంత్రసైట్ బొగ్గుకూ బూడిద తప్పదు, కాకపోతే తక్కువ.

మరి రంగు? ఇనుము ఎక్కువుంటే తుప్పులా ఎరుపు. నల్లగా ఉందా, కాలని బొగ్గు ఇంకా మిగిలిందన్నమాట. మరీ వేడెక్కితే బూడిదే కరిగి, చల్లారాక రాయిలా గడ్డకడుతుంది.

ముత్తుకూరు దగ్గర నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు. అక్కడ బొగ్గును పిండిచేసి మంటలోకి ఊదుతారు. అందులోని మట్టి రేణువులు గాల్లోనే కరిగి, చినుకుల్లా గుండ్రమై, అలాగే గట్టిపడతాయి. మైక్రోస్కోపులో చూస్తే గాజు గోళీలే!

ఇలాంటి బూడిదను సిమెంటులో కలుపుతారు, ఇటుకలూ చేస్తారు. ఈసారి బూడిదరంగు ఇటుక కనిపిస్తే ఒకసారి చేత్తో తడిమి చూడండి.