పోడు పట్టా, కౌలు పొలం, కోర్టు అఫిడవిట్: అపోహలు – వాస్తవాలు

విడాకుల కేసులో మనోవర్తి మాట వచ్చిందంటే భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసి అఫిడవిట్‌గా రాసివ్వాలి. రజనీశ్ – నేహా కేసులో 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు ఇందుకు నమూనాలు ఖాయం చేసింది. ఖమ్మం, భద్రాచలం పల్లెల్లో ఈ కాగితం గురించి తిరిగే మాటల్లో చాలావరకు తప్పులే. వాటివల్ల ఎక్కువగా నష్టపోయేది ఆడవాళ్లు.

అపోహ: ఇది సింగరేణిలోనో, సారపాక పేపరు మిల్లులోనో జీతం తీసుకునేవాళ్లకే.

కాదు. వ్యవసాయదారుల కోసం సుప్రీంకోర్టు విడిగా ఒక నమూనా ఇచ్చింది. భూమి ఎన్నెకరాలు, తరా మెట్టా, ఏ పంట వేశారు, గత మూడేళ్లలో ఎంత వచ్చింది, కౌలుకు తీసుకున్నారా, బర్రెలు, మేకలు, కోళ్లు ఎన్ని ఉన్నాయి అని అందులో వరసగా అడుగుతారు. జీతం చీటీ లేదు కాబట్టి రుజువు దొరకదనుకోవడం పొరపాటు. ఖమ్మం యార్డులో మిర్చి అమ్మితే తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) చేతికొస్తుంది. పత్తి డబ్బు బ్యాంకులో పడితే ఖాతా పుస్తకమే చెబుతుంది. రైతు భరోసా జమ కూడా అందులోనే కనిపిస్తుంది. అయితే అమ్మిన ధరంతా ఆదాయం కాదు. పురుగుమందుల దుకాణంలో బాకీ, ఏరుడు కూలి, కౌలు కూడా రాయాలి, వాటి చీటీలు జతచేయాలి.

అపోహ: పోడు భూమి అమ్మడానికి లేదు, అందుకని ఆస్తి కింద రాయనక్కర్లేదు. పైగా అది మగవాడిదే.

ఈ మాటను ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిలో సాగుచేసుకునే పోడు భూమి మీద హక్కును అమ్ముకోవడానికి, బదలాయించడానికి వీల్లేదు. కానీ వారసులకు వస్తుంది. పెళ్లయినవాళ్లకైతే పట్టా భార్యాభర్తలిద్దరి పేరుమీదా ఉమ్మడిగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కాబట్టి సంతకం పెట్టేముందు పట్టా తెరిచి పేర్లు చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి. ఆ భూమిని ఇద్దరూ తమతమ అఫిడవిట్లలో చూపాలి. అమ్మి పంచుకునే దారి లేదు కనుకే పంట రాబడి లెక్క ఇంకా ముఖ్యమవుతుంది.

అపోహ: పొలం ఆంధ్రలో ఉంది, తెలంగాణ కోర్టుకు ఏం తెలుస్తుంది?

2014లో ఎటపాక, కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఇల్లు భద్రాచలంలో, చేను అవతల ఉన్న కుటుంబాలకు రికార్డులు రెండు రాష్ట్రాల్లో ఉంటాయి. అఫిడవిట్‌కు సరిహద్దు లేదు. పోలవరం ప్రాజెక్టు ముంపు పరిహారంగా వచ్చిన డబ్బు కూడా చూపాల్సిందే. దాచింది బయటపడితే తప్పుడు ప్రమాణం కింద భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 379వ సెక్షన్ ప్రకారం చర్యలు మొదలుపెట్టవచ్చు.

కోయ దంపతులకు కులపెద్దల ముందు పెళ్లయిందనీ, హిందూ వివాహ చట్టం వర్తించదనీ, అందుకే కోర్టుతో పనిలేదనీ కొందరు చెబుతారు. సగమే నిజం. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం వర్తించదు. కానీ పైన చెప్పిన నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద మనోవర్తి ఏ మతం, ఏ తెగ ఆడమనిషైనా అడగవచ్చు.

అపోహ: తునికాకు కూలి, మిరప ఏరుడు కూలి రాస్తే భార్యకు మనోవర్తి పోతుంది.

పోదు. కొంత సంపాదన ఉన్నంత మాత్రాన హక్కు పోదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఆ సంపాదనతో బతుకు సాగుతుందా లేదా అన్నదే చూస్తారు. వేసవిలో కొన్నాళ్లే దొరికే ఆకు పనిని ఏడాదంతా ఉండే ఆదాయంలా రాయకండి. ఎన్ని రోజులు దొరికిందో అంతే రాయండి. అసలు రోజుకూలీలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు అఫిడవిట్ వేయాల్సిన అవసరం లేదని రజనీశ్ – నేహా తీర్పే చెప్పింది. ఈ సంగతి చాలామందికి తెలియదు. మీరు ఆ కోవలోకి వస్తే ఆ మాట వకీలు ద్వారా కోర్టుకు చెప్పించాలి.

ఖాళీ ఫారం మీద సంతకం మాత్రం పెట్టకండి, అడిగింది సొంత వకీలైనా సరే. అవతలివాళ్లు అఫిడవిట్ వేయడానికి గడువు నాలుగు వారాలు. కావాలని సాగదీస్తే వాళ్ల వాదనను కొట్టివేసే అధికారం కోర్టుకుంది. ఆడవాళ్లకు, గిరిజనులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతోంది. ఖమ్మం, కొత్తగూడెంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో అడగండి. ఫోన్‌లోనైతే 15100కి చేయండి.