జీతంలో పన్ను కోశాక కూడా రిటర్ను ఎందుకు?

"మా ఆఫీసువాళ్లు జీతంలోనే పన్ను పట్టేశారండీ, మళ్లీ రిటర్ను ఎందుకు?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. పన్ను పట్టుకోవడం వేరు, లెక్క అప్పజెప్పడం వేరు. యజమానికి తెలిసేది తాను ఇచ్చిన జీతం మాత్రమే. ఏడాది రాబడి అంతా కూడి, పన్ను ఎంతో తేల్చుకుని, తక్కువైతే కట్టవలసింది మనమే. దీన్నే స్వయం మదింపు అంటారు.

ముఖ్యంగా మధ్యలో ఉద్యోగం మారినవారు జాగ్రత్తగా వినాలి. హోసూరు కర్మాగారంలో నెలకు 1,25,000 రూపాయల జీతగాడు 2025 అక్టోబరులో అదే జీతానికి బెంగళూరు కంపెనీలో చేరాడనుకుందాం. కొత్త పద్ధతిలో 2025-26కు ఆయన లెక్క చూద్దాం. ఏడాదికి 15 లక్షలు. అందులో ప్రామాణిక తగ్గింపు 75,000 తీసేస్తే 14,25,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం, ఆపై 4 లక్షలకు 10 శాతం, మిగిలిన 2,25,000కు 15 శాతం. అంతా కలిపి 93,750. దానిమీద 4 శాతం సెస్సు చేరితే 97,500.

పాత కర్మాగారం ఏడాదంతా ఉంటాడనుకుని నెలకు 8,125 చొప్పున ఆరు నెలలు పట్టింది. అది 48,750. కొత్త కంపెనీ తానిచ్చే ఆరు నెలల జీతమే చూసింది. తగ్గింపు పోను 6,75,000. పన్ను విధించే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు ఉంది కనుక పైసా పట్టలేదు. చేతికొచ్చే జీతం పెరిగిందని ఆయన సంతోషించే ఉంటాడు! ఎవరి పుస్తకం ప్రకారం వారు చేసినది సరే, కానీ 48,750 బాకీ మిగిలింది. దానిపై ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం వడ్డీ, ముందస్తు పన్ను వాయిదాలు తప్పినందుకు ఇంకొంత. చేరిన రోజునే పాత జీతం వివరాలు కొత్త ఆఫీసుకు రాసిచ్చి ఉంటే ఈ బెడద ఉండేది కాదు. ఇప్పుడైనా బాకీ, వడ్డీ ముందు కట్టి, ఆ చలానా వివరాలు రిటర్నులో వేయాలి.

కాబట్టి పనిచేసిన ప్రతిచోటి నుంచీ ఫారం 16 తెచ్చుకోండి. ఆదాయపు పన్ను పోర్టల్లో మీ పేరిట ఉండే ఫారం 26ఏఎస్, వార్షిక సమాచార నివేదిక తీసి, పక్కన పెట్టి పోల్చండి. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ అక్కడ కనిపిస్తుంది. బ్యాంకు 10 శాతం పట్టింది కదా అని వదిలేయకండి. మీ శ్లాబు 20 శాతమైతే మిగతా సగం మీరే కట్టాలి.

ఇంటి అద్దె, భవిష్య నిధి, బీమా మినహాయింపులు కావాలంటే పాత పద్ధతి ఎంచుకోవాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, జీతగాళ్లు గడువు దాటాక రిటర్ను వేస్తే పాత పద్ధతి దొరకదు, పైగా 5,000 రూపాయల దాకా రుసుము. జీతగాళ్లకు మామూలు గడువు జూలై 31. 2025లో అది సెప్టెంబరు 16 దాకా జరిగింది. ఏటా అలాగే జరుగుతుందని కూర్చోవడం నాకైతే తెలివైన పనిగా తోచదు.

రిటర్ను పంపడంతో పని అయిపోదు. 30 రోజుల్లో దాన్ని ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీతో అది నిమిషం పని. అయితే రాష్ట్రం మారినప్పుడు ఫోను నంబరు మార్చి, ఆధార్‌లో పాతదే ఉంచినవారికి ఆ ఓటీపీ రాదు. అలాంటివారు నెట్ బ్యాంకింగ్ ద్వారా చేయవచ్చు, లేదా రసీదు పత్రంపై సంతకం చేసి బెంగళూరులోని కేంద్రానికి టపాలో పంపవచ్చు. ధ్రువీకరించని రిటర్ను వేయనట్టే లెక్క.