పొగ, ఆవిరి, గుండె

విజయనగర కాలంలోనూ, ఆ తరువాత మధుర నాయకరాజుల ఏలుబడిలోనూ తెలుగునేల విడిచి దక్షిణానికి తరలిన కుటుంబాల వారసులు కోయంబత్తూరు, మధుర పరిసరాల్లో నేటికీ ఇంట తెలుగు మాట్లాడుతూ సేద్యంలో, నూలు మిల్లుల్లో, వ్యాపారాల్లో స్థిరపడి ఉన్నారు. వారి చుట్టూ ఉన్నది పొగాకు ఎరిగిన నేల: మధురకు ఉత్తరాన ఉన్న దిండిగల్ ఒకప్పుడు చుట్టలకు దేశాంతరాల్లోనూ పేరుమోసింది, ఆ జిల్లాలోని వేడసందూరులో పొగాకు పరిశోధన కేంద్రం ఉంది, కోయంబత్తూరు ప్రాంతంలో నమిలే పొగాకు పండుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు అలవాటైన ఇలాంటి సమాజాల్లో, బ్యాటరీతో పనిచేసే ఈ-సిగరెట్టు నుంచి పొగ రాదు కనుక గుండెకు దానితో భయం లేదన్న నమ్మకం సులువుగా నాటుకుంటుంది.

పొగాకు కాలినప్పుడు వేల రసాయనాలు పుడతాయి. వాటిలో కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకోవడం వల్ల గుండె కండరానికి ప్రాణవాయువు తగ్గుతుంది. పొగలోని సూక్ష్మ కణాలు, ఆక్సీకరణం కలిగించే పదార్థాలు రక్తనాళాల లోపలి గోడను కప్పి ఉండే ఎండోథీలియం అనే పలుచని కణాల పొరను దెబ్బతీస్తాయి. ఆ పొర ఆరోగ్యంగా ఉన్నప్పుడు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి నాళాన్ని సడలిస్తుంది, రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. అది చెడితే నాళం బిగుసుకుపోయి, గోడల్లో కొవ్వు పేరుకొని, గుండెపోటుకు దారి ఏర్పడుతుంది.

ఈ-సిగరెట్టులో ఏదీ కాలదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, రుచి పదార్థాలు కలిసిన ద్రవాన్ని చిన్న తీగచుట్ట వేడిచేసి ఆవిరిగా మారుస్తుంది. అందుకే కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు, చాలా విషపదార్థాలు సిగరెట్టు పొగలో కంటే తక్కువగా ఉంటాయి. అయితే నికోటిన్ మాత్రం అడ్రినలిన్‌ను ఉసిగొల్పి నాడి వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది, తీగ మరీ వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి హానికర పదార్థాలూ పుడతాయి.

ఈ తేడాను కొలిచే పరీక్ష ఒకటి ఉంది. చేతికి రక్తపోటు పట్టీ బిగించి, ఐదు నిమిషాలు రక్తప్రవాహాన్ని ఆపి వదిలితే, ఒక్కసారిగా దూసుకువచ్చే రక్తానికి మోచేతి పైనున్న ధమని ఎంత వెడల్పవుతుందో అల్ట్రాసౌండ్ చూపుతుంది. వెడల్పు పెరిగేకొద్దీ ఎండోథీలియం ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయం 114 మంది పొగతాగేవారిపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ-సిగరెట్టుకు మారినవారికి, ద్రవంలో నికోటిన్ ఉన్నా లేకున్నా, నెల తిరిగేసరికి ధమని స్పందన మెరుగుపడింది. అది సిగరెట్టు మానినందువల్ల దక్కిన మేలు. అసలు పొగతాగనివారు ఆవిరి పీల్చడం క్షేమమని దాని అర్థం కాదు. ఈ పరికరాలు మార్కెట్లోకి వచ్చి రెండు దశాబ్దాలు దాటిందంతే కనుక, జీవితకాలపు గుండెజబ్బుల లెక్క వైద్యశాస్త్రానికి ఇంకా అందలేదు.

రెండూ కలిపి తాగేవారి పరిస్థితి ఇంతకంటే కష్టం. రోజుకు ఒకే సిగరెట్టు తాగేవారిలో కూడా గుండెజబ్బు అదనపు ముప్పు రోజుకు 20 తాగేవారి ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. పగలు ఆవిరి పీలుస్తూ, రాత్రి భోజనం తరువాత ఒక బీడీ ముట్టించేవారు పెట్టె ఖర్చు తగ్గించుకున్నారే గాని, గుండెకు అంత ఊరట ఇవ్వలేదు.

తమిళనాడు ప్రభుత్వం 2018లోనే ఈ-సిగరెట్టును నిషేధించింది, 2019 నాటి కేంద్ర చట్టం దేశమంతటా దాని తయారీ, అమ్మకం, దిగుమతి, ప్రకటనలను నేరం చేసింది. దొంగచాటుగా దొరికే ద్రవంలో ఏముందో తెలుసుకునే మార్గం కొనేవారికి ఉండదు. కాబట్టి ఇక్కడి బీడీ, చుట్ట అలవాటున్నవారికి ఆచరణలో మిగిలే దారి పూర్తిగా మానడమే. నికోటిన్ గమ్, పట్టీలు, వైద్యుల సలహా, 1800-11-2356 నంబరులో దొరికే ఉచిత జాతీయ సహాయం అందుకు తోడ్పడతాయి. పొగ మానిన ఏడాదికి, దానివల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది.