కార్డు ఇక్కడిది, కొనుగోలు అక్కడిది: బిల్లింగ్ అడ్రస్‌లో ఏ దేశం రాయాలి?

సికింద్రాబాద్‌లో చాలా ఇళ్లలో ఒకరు గల్ఫ్‌లోనో, చదువు కోసం అమెరికాలోనో ఉంటారు. చికాగోలో ఉన్న కొడుకు ఫీజు అబ్బా ఇక్కడి కార్డుతో కడతారు. జిద్దాలో ఉన్న భాయ్ అమ్మీకి టికెట్ అక్కడి కార్డుతో తీస్తాడు. కార్డులో డబ్బుంది, నంబరూ సరిగ్గానే కొట్టారు. అయినా పేమెంట్ ఫెయిల్! ఒక్కోసారి చిక్కు బిల్లింగ్ అడ్రస్ దగ్గరే ఉంటుంది.

బిల్లింగ్ అడ్రస్ అంటే సరుకు చేరాల్సిన చోటు కాదు, కొడుకు ఉండే గది కూడా కాదు. కార్డు ఎవరిదో వారికి బ్యాంకు రికార్డులో ఉన్న చిరునామా. అబ్బా కార్డైతే దేశం ఇండియా, పిన్ 500003 లాంటి ఆరంకెలు. భాయ్ కార్డైతే సౌదీ చిరునామా. ఫారంలో ముందు దేశం ఎంచుకోవాలి. అమెరికా జిప్ కోడ్ మామూలుగా ఐదంకెలే కాబట్టి, దేశం మార్చకపోతే మన పిన్‌ను తీసుకోకపోవచ్చు.

తప్పు దేశం రాస్తే సైటుకు ఎలా తెలుస్తుంది? కార్డు మొదటి 6 లేదా 8 అంకెలే ఏ బ్యాంకు, ఏ దేశం అన్నది చెప్పేస్తాయి. రాసిన దేశం, ఇంటర్నెట్ వాడుతున్న దేశం దానితో కలవకపోతే దొంగ కార్డేమోనని అనుమానం వస్తుంది. అందుకే కట్టేటప్పుడు వీపీఎన్ ఆపేయడం మంచిది. అమెరికా, కెనడా, బ్రిటన్ కార్డులకైతే ఇంటి నంబరు, పోస్టల్ కోడ్‌ను కూడా బ్యాంకు రికార్డుతో పోల్చి చూస్తారు.

మన దేశంలో భరోసా వేరు. రిజర్వ్ బ్యాంక్ 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. ఓటీపీ అలా వచ్చిందే. విదేశీ సైట్లు కొన్ని ఓటీపీ అడగవు, అందుకే అక్కడ చిరునామాకు అంత పట్టింపు.

అడ్రస్ సరిగ్గా ఉన్నా ఆగిందా? 2020 అక్టోబర్ నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, పరిమితి పెట్టుకోవాలి. పని అయ్యాక ఆపేయాలి.

ఫెయిలైందని వెంటవెంటనే కొట్టొద్దు. ఒక్కోసారి బ్యాంకు సరేనన్నాక సైటే అడ్రస్ చూసి తిప్పికొడుతుంది. అప్పుడు ఆ మొత్తం కొన్ని రోజులు నిలిచిపోయి తర్వాత తిరిగి వస్తుంది. నాలుగుసార్లు కొడితే నాలుగు మొత్తాలు ఇరుక్కోవచ్చు, ఫీజు గడువూ దాటిపోవచ్చు.

‘అడ్రస్ వెరిఫై చేస్తాం, ఓటీపీ చెప్పండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే. డబ్బు పోతే బ్యాంకుకు, 1930 నంబరుకు వెంటనే చెప్పాలి.