షెర్రీ ఫినిష్ సింగిల్ మాల్ట్: 12 ఏళ్ల సీసాకి అంత డబ్బు పెట్టొచ్చా?

ఫోన్ల సైట్‌లో విస్కీ గొడవ ఏంటి అనుకోకండి. పోయిన నెల నాకు ఎదురైన ప్రశ్న మీరు రోజూ కామెంట్లలో అడిగేదే: "బ్రో, దీనికి ఇంత పెట్టొచ్చా?"

మావయ్య రిటైర్ అవుతున్నారు. లండన్ నుంచి వస్తున్న అన్నయ్య ఫోన్ చేసి, "ఒరేయ్, మావయ్యకి మంచి సింగిల్ మాల్ట్ తెస్తాను. డబ్బు చెరి సగం. ఏది తేవాలో నువ్వే చెప్పు, అన్నిటికీ రివ్యూలు రాస్తావుగా" అన్నాడు. ముందే రుచి చూసే వీల్లేదు. నచ్చకపోతే రిటర్న్ లేదు. పైగా ఇంతకుముందు ఓసారి ముదురు రంగు, అందమైన పెట్టె చూసి ఖరీదైన సీసా కొని దెబ్బతిన్నవాణ్ణి. అందుకే ఈసారి స్పెక్ షీట్ నుంచి మొదలుపెట్టాను.

ఒక మాట: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. నిండనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కొత్త ఫోన్ రివ్యూలు చాలా ఉన్నాయి.

వయసు అంటే మెగాపిక్సెల్ లాంటిది

సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసిన విస్కీ. ఒకే పీపాలోది అని కాదు. స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలి, ఆల్కహాల్ కనీసం 40% ఉండాలి. లేబుల్ మీద 12 అని ఉంటే, అందులో కలిపిన వాటన్నిటిలో చిన్నదాని వయసు 12 అన్నమాట.

కానీ 108 మెగాపిక్సెల్స్ ఉన్నంత మాత్రాన ఫోటో బాగా రావాలని లేదు కదా, ఇదీ అంతే. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏడాదికి 2% దాకా ఆవిరైపోతుంది. మన బెంగళూరులో అమృత్ డిస్టిలరీలో అది 10 నుంచి 12%. వేడికి చెక్కతో పని కూడా త్వరగా జరుగుతుంది. అందుకే అమృత్ ఫ్యూజన్ సీసా మీద వయసే ఉండదు, అయినా దానికి ప్రపంచమంతా అభిమానులున్నారు.

షెర్రీ ఫినిష్‌లో అసలు కిటుకు

షెర్రీ అంటే స్పెయిన్‌లోని హెరెస్ ప్రాంతపు వైన్. ఒకప్పుడు అది పీపాల్లోనే బ్రిటన్‌కి వచ్చేది, ఖాళీ అయిన పీపాలు విస్కీవాళ్లు తీసుకునేవాళ్లు. 1980ల్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలనే రూల్ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఎక్కువగా విస్కీ కోసమే పీపాలు చేయించి, వాటిలో కొన్నాళ్లు షెర్రీ పోసి నానబెడుతున్నారు. ఖర్చు పెరగడానికి ఇదొక కారణం.

ఇక్కడ చూసుకోవాల్సింది "ఫినిష్" అనే మాట. మూడు సీసాలు తీసుకుందాం, మూడిటి మీదా 12 అనే ఉంటుంది.

బాల్వెనీ డబుల్‌వుడ్ 12: డేవిడ్ స్టూవర్ట్ తయారుచేసిన ఇది 1993లో వచ్చింది. 12 ఏళ్లు బర్బన్ పీపాల్లో, తర్వాత 9 నెలలు ఒలొరోసో షెర్రీ పీపాల్లో, చివర్లో 3, 4 నెలలు పెద్ద ఓక్ తొట్టిలో ఉంటుంది.

గ్లెన్‌మొరాంజీ లాసంటా 12: 10 ఏళ్లు బర్బన్, చివరి 2 ఏళ్లు షెర్రీ.

గ్లెన్‌డ్రోనాక్ 12: మొత్తం కాలం షెర్రీ పీపాల్లోనే. అంటే ఇది ఫినిష్ కాదు.

మొదటిదాంట్లో తేనె, వెనిల్లా ముందుంటాయి, షెర్రీ పైపూత. మూడోదాంట్లో ఎండుద్రాక్ష, డ్రైఫ్రూట్ రుచులదే రాజ్యం.

లేబుల్ చదివేటప్పుడు

ఆల్కహాల్ శాతం: 40%, 43%, 46% మధ్య తేడా నాలుక మీద తెలుస్తుంది. 46% కన్నా తక్కువైతే చల్లదనానికి విస్కీ మసకబారే అవకాశముంది, అందుకని చాలామంది దాన్ని చల్లబరిచి వడకడతారు. దాంతో నోట్లో ఆ చిక్కదనం కొంత పోతుందని చాలామంది అంటారు. డబుల్‌వుడ్ బ్రిటన్‌లో 40%. దీని మైనస్ ఇదే.

రంగు: స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడం చట్టబద్ధమే. "నేచురల్ కలర్" అని రాసి లేకపోతే ముదురు రంగుని నమ్మకండి. అది బ్యూటీ ఫిల్టర్ కావచ్చు. నేను మోసపోయింది ఇక్కడే.

సైజు: బయట 700 లేదా 750 మి.లీ., డ్యూటీ ఫ్రీలో చాలాసార్లు 1 లీటర్. కాబట్టి ఎంఆర్‌పీ పోల్చొద్దు, మి.లీ.కి ఎంత పడుతుందో చూడండి. 750 మి.లీ. సీసాలో 60 మి.లీ. పెగ్గులు 12 వస్తాయి. ధరని 12తో భాగిస్తే నిజం తెలుస్తుంది. దిగుమతి స్పిరిట్స్ మీద ఏళ్ల తరబడి 150% సుంకం ఉండేది కాబట్టి డ్యూటీ ఫ్రీ రేటు బాగా కలిసొస్తుంది. విదేశం నుంచి వచ్చేవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల వరకే సుంకం లేకుండా తేగలరు.

ఫైనల్ వెర్డిక్ట్

బ్లెండెడ్ స్కాచ్ అలవాటుండి మొదటిసారి సింగిల్ మాల్ట్‌కి మారేవాళ్లకి డబుల్‌వుడ్ 12 సేఫ్ బెట్. గొంతు మండదు, తీపి అతిగా ఉండదు. షెర్రీ రుచి కోసమే కొంటుంటే గ్లెన్‌డ్రోనాక్ 12 తీసుకోండి. వయసు పెరిగేకొద్దీ ధర దానికన్నా వేగంగా పెరుగుతుంది, రుచి మాత్రం అంత వేగంగా పెరగదు. ఫస్ట్ సీసాకే 18 ఏళ్లది వద్దు.

శనివారం ఒక పెగ్గుతో సరిపెట్టుకునే మావయ్యకి డబుల్‌వుడ్ చెప్పాను. అన్నయ్య తెచ్చాడు. మావయ్య తిప్పి తిప్పి చూసి, "12 ఏళ్లదా! ఇంకో పదేళ్లు దాస్తే ఇంకా బాగుంటుందేమో" అని బీరువా తాళాలు తీశారు.

"మావయ్యా, విస్కీ పీపాలో ఉన్నప్పుడే ముదురుతుంది. సీసాలో పోశాక వయసు ఆగిపోతుంది. పదేళ్లు దాచినా ఇది 12 ఏళ్లదే" అన్నాను.

కాసేపు ఆలోచించారు. "అయితే దాయడం దండగ. అందరికీ గ్లాసులు తేరా" అన్నారు.

నాకు 30 మి.లీ. దక్కింది. ఐస్ లేకుండా, రెండు చుక్కలు నీళ్లతో. తేనె, చివర్లో కొంచెం దాల్చినచెక్క. మావయ్య రెండో గుక్క తాగి, "ఎంతయిందిరా?" అని అడిగారు. మి.లీ. లెక్క ఆయనకి మాత్రం చెప్పలేదు.